మంచి ఏరియానేనా?

"ఏరియా మంచిదేనా అండీ?"

అమెరికాలో ఇల్లు మారే తెలుగువాడు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అద్దె ఎంతన్నది రెండోది. ఇండియన్ స్టోరు ఎంత దూరం అన్నది మూడోది. 2006 మార్చిలో న్యూయార్క్ నగరంలో, క్వీన్స్ వైపు జాక్సన్ హైట్స్‌లో, ఒక బ్రోకరమ్మని నేనూ ఈ వరసలోనే అడిగాను. ఆవిడ అద్దె చెప్పింది. స్టోరు కిటికీలోంచే చూపించింది. మొదటి ప్రశ్నకి మాత్రం నవ్వి, "అది మీరే తిరిగి చూసుకుని నిర్ణయించుకోవాలి" అంది. నా ఇంగ్లీషు ఆవిడకి అర్థం కాలేదేమోనని, ఈసారి "సేఫేనా?" అని నిదానంగా పలికాను. మళ్ళీ అదే నవ్వు, అదే జవాబు. కావాలంటే పోలీసుల దగ్గర నేరాల లెక్కలుంటాయి, చూసుకోండి అంది.

బయటికొచ్చాక ఒళ్ళు మండింది. నెల అద్దె కమీషనుగా పుచ్చుకుంటూ, ఇది మంచి చోటో కాదో ఒక్క ముక్క చెప్పదేం? చెప్పట్లేదంటే ఏదో ఉండే ఉంటుంది అనుకున్నాను.

ఆవిడెందుకు చెప్పలేదో నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ జవాబు వెనక దాదాపు వందేళ్ళ కథ ఉంది. అందులో కొంత మేం ఎనిమిది నెలలు అద్దెకున్న ఆ వీధుల్లోనే జరిగింది. ఇంకొంత నాకు బాగా తెలిసిన మనుషులకి జరిగింది.

ముందు మేం అక్కడికెందుకు వెళ్ళామో చెప్పాలి. నాది కన్సల్టింగు ఉద్యోగం, అంటే గౌరవంగా చెప్పే సంచార జీవనం. అప్పటికి రెండేళ్ళుగా డాలస్ శివార్లలో ఉంటున్నాం. మాన్‌హాటన్‌లో ఎనిమిది నెలల ప్రాజెక్టు పడింది. చాలామంది సోమవారం విమానమెక్కి గురువారం తిరిగొస్తారు. నేనూ అలాగే చేద్దామనుకున్నాను, మా ఆవిడ ఒప్పుకోలేదు. అప్పటికి మా అమ్మాయికి రెండేళ్ళు.

డాలస్‌లో మేమున్న చోట దొంగతనం జరిగిందని నేనెప్పుడూ వినలేదు. తలుపు తాళం వెయ్యకపోయినా అడిగేవాడు లేడు. అసలు మనిషే లేడు. మా ఆవిడకి అప్పటికింకా డ్రైవింగు లైసెన్సు రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం పాలైపోయాయని, పిల్లని స్ట్రోలర్లో కూర్చోబెట్టుకుని మైలు దూరంలో ఉన్న దుకాణానికి నడిచి బయల్దేరింది. ఆ రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు. గడ్డిలో తోసుకుంటూ పోతుంటే పోలీసు కారు పక్కన ఆగింది. అతను చాలా మర్యాదగా, "అమ్మా, అంతా బాగానే ఉందా? సాయం కావాలా?" అని అడిగాడట. ఆ ఊళ్ళో రోడ్డు మీద నడిచే మనిషంటే ఆపదలో ఉన్న మనిషి కింద లెక్క. ఆ సాయంత్రం మా ఆవిడ ఒకటే మాట అంది: "ఈసారి రోజుకి నాలుగు మొహాలు కనబడే చోట చూడు. ఇంకేం అక్కర్లేదు."

దాంతో వెతుకులాట మొదలైంది. ఇంటర్నెట్లో ప్రకటన చూసి ఒకాయనకి అడ్వాన్సుగా మూడొందల డాలర్లు పంపి, ఆయన్నీ డాలర్లనీ మళ్ళీ చూడలేదు. అది వేరే కథ. తరవాత మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోన్ చేశాను. వాళ్ళు ఎడిసన్‌లో ఉంటారు. ఆయన 1986 నుంచీ ఈ దేశంలో ఉన్నవాడు, మా కుటుంబంలో అమెరికా గురించి ఆఖరి మాట ఆయనదే.

"జాక్సన్ హైట్సా? శనివారం వెళ్ళి బంగారం కొనుక్కురావడానికి సరే. ఫ్యామిలీతో ఉండే చోటు కాదురా అది" అన్నాడు. ఏం అన్నయ్యా అంటే, "అక్కడంతా వాళ్ళే" అన్నాడు.

వాళ్ళంటే ఎవరని నేను అడగలేదు. అడక్కుండానే అర్థమైపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఎబ్బెట్టుగా ఉండేది అదే.

*

జాక్సన్ హైట్స్ పుట్టిందే "మంచి ఏరియా"గా. నూరేళ్ళ కిందట అక్కడన్నీ పొలాలు. 1909లో ఈస్ట్ నది మీద క్వీన్స్‌బరో వంతెన పూర్తయింది. ఎడ్వర్డ్ మెక్‌డూగల్ అనే ఆయన నడిపిన క్వీన్స్‌బరో కార్పొరేషన్ మూడొందల ఎకరాలకి పైగా కొనేసింది. 1917 ఏప్రిల్‌లో ఆ పొలాల మీదుగా, ఇనప స్తంభాల పైన రైలు వచ్చింది. ఇప్పుడు 7వ నంబరు రైలంటున్నది అదే. మాన్‌హాటన్‌లో ఆఫీసు, అరగంటలో ఇల్లు. మన హైదరాబాదు శివార్లలో వెంచర్లు వేసేవాళ్ళు ఇప్పుడు చెప్పే మాటలన్నీ మెక్‌డూగల్ అప్పుడే చెప్పాడు.

ఆయన్ని ఊరికే తీసిపారెయ్యడానికి లేదు. ఇంగ్లండులో పుట్టిన ఉద్యాన నగరాల ఆలోచనని తెచ్చి అపార్ట్‌మెంట్లకి అతికించాడు. వీధి అంచు వెంబడి ఎర్ర ఇటుకల భవనాలు, వాటి మధ్యలో వీధి పొడవునా తోట. బయటినుంచి చూస్తే ఆరంతస్తుల గోడ తప్ప ఏం కనబడదు. మేమున్న భవనానికి తోట లేదు గానీ పక్కదానికి ఉండేది. వరండాలోని అద్దం తలుపుకి మొహం ఆనించి మా అమ్మాయి ఆ చెట్లకేసి చూస్తుండేది. తలుపు ఎప్పుడూ తాళమే.

1919 ప్రాంతం నుంచి ఆ ఇళ్ళని అద్దెకివ్వడం మాని సహకార పద్ధతిలో అమ్మడం మొదలుపెట్టారు. సహకార సంఘం అనగానే మనకి పాలకేంద్రమో చక్కెర ఫ్యాక్టరీయో గుర్తొస్తుంది. ఇక్కడ సంగతి వేరు. భవనమంతా ఒక సంఘానిది. నువ్వు ఇల్లు కొనవు, సంఘంలో వాటా కొంటావు. నిన్ను చేర్చుకోవాలో వద్దో ఉన్నవాళ్ళు తేలుస్తారు. గోల్ఫ్ మైదానం, టెన్నిస్ కోర్టులు, శుభ్రమైన గాలి అన్నీ ప్రకటనల్లో ఉండేవి. వాటితో పాటు ఇంకో మాట కూడా ఉండేది: రిస్ట్రిక్టెడ్. అప్పట్లో అది సిగ్గుపడే మాట కాదు, హంగు. దానర్థం యూదులకి ప్రవేశం లేదు, నల్లవాళ్ళకి లేదు. కొన్నిచోట్ల కాథలిక్కుల్ని కూడా రానిచ్చేవారు కాదు. "ఇక్కడ మీరు భద్రంగా ఉంటారు" అన్న మాటకి "ఇక్కడ వాళ్ళుండరు" అన్నదే అర్థం.

(ఇక్కడొక చిన్న పిడకల వేట. స్క్రాబుల్ ఆట పుట్టింది ఈ పేటలోనే. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు తయారుచేసి, 35వ అవెన్యూలోని చర్చిలో స్నేహితులతో ఆడి చూసేవాడు. ఆ మూలనున్న వీధి పేరు బోర్డు మీద ఒక్కో అక్షరం కింద స్క్రాబుల్ మార్కులు వేసి ఉండేవి. మా అమ్మాయికి అంకెలు అక్కడే వచ్చాయి.)

ఇదంతా ఒక కంపెనీ చేసిన పనే అయితే మాంద్యంతో పాటే పోయేది. నిజానికి గోల్ఫ్ మైదానం పోయింది, దాని మీదా అపార్ట్‌మెంట్లు లేచాయి. కానీ "మంచి ఏరియా" అన్న లెక్క మాత్రం అప్పుడే ప్రభుత్వం చేతుల్లోకి వెళ్ళింది. 1933లో ఇళ్ళ అప్పులు తీర్చలేనివాళ్ళని ఆదుకోవడానికి కేంద్రం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే సంస్థ పెట్టింది. అది రెండొందలకి పైగా నగరాల పటాలు గీయించి పేటలకి రంగులు వేయించింది. ఆకుపచ్చ అంటే అన్నిటికన్నా మేలైనది, తరవాత నీలం, పసుపు, ఆఖరున ఎరుపు. ఒక్కో పేటకీ ఒక ఫారం. అందులో ఇళ్ళ వయసుతో పాటు నల్లవాళ్ళున్నారా, విదేశాల్నుంచి వచ్చినవాళ్ళు ఎంత శాతం, కొత్తగా ఎవరు "చొరబడుతున్నారు" అన్న గళ్ళు కూడా ఉన్నాయి. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంకో మెట్టు ఎక్కింది. ఇంటి దస్తావేజులోనే ఫలానా జాతివాళ్ళకి అమ్మకూడదని రాసుకోవడం మంచిదని తన నియమాల పుస్తకంలో చెప్పింది. అలాంటి దస్తావేజుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పేదాకా అది నడిచింది. చెప్పాక కూడా నోటిమాటగా నడిచింది.

నోటిమాట దగ్గరే బ్రోకర్లు వస్తారు. తెల్లవాళ్ళొస్తే ఒక వీధి చూపించడం, నల్లవాళ్ళొస్తే ఇంకోటి చూపించడం, యూదులొస్తే మూడోది. "మీకు అక్కడ బావుండదండీ" అని ఎంతో ఆప్యాయంగా చెప్పడం. కొందరు దీంట్లోంచే డబ్బు చేసుకున్నారు. ఒక వీధిలోకి ఒక నల్ల కుటుంబం రాగానే తక్కిన ఇళ్ళ తలుపులు కొట్టి, ఏరియా పాడైపోతోంది, ఇప్పుడే అమ్మెయ్యండి అని భయపెట్టి చవగ్గా కొనేవారు. అవే ఇళ్ళని వచ్చేవాళ్ళకి రెట్టింపుకి అమ్మేవారు.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. ఎంతో కాలంగా మూలుగుతున్న ఇళ్ళ చట్టం మీద వారం తిరక్కుండా, ఏప్రిల్ 11న, అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లివ్వననడం, మనిషిని చూసి ఫలానా పేటకి మళ్ళించడం, భయపెట్టి అమ్మించడం, అన్నీ చట్టవిరుద్ధమయ్యాయి. ఆడవాళ్ళకి 1974లో, పిల్లలున్న కుటుంబాలకీ వికలాంగులకీ 1988లో అదే రక్షణ వచ్చింది. "సేఫ్" అనే మాట పలక్కూడదని చట్టంలో ఎక్కడా లేదు. కానీ ఆ మాట మోసిన బరువు బ్రోకర్లకి తెలుసు. అందుకే జవాబు చెప్పరు. పోలీసు లెక్కలు చూసుకోమంటారు. వాళ్ళ ముందుతరం ఎక్కువ మాట్లాడిన పాపానికి మా బ్రోకరమ్మ నోరు కట్టుకుంది. నేనేమో ఆవిడ దగ్గర ఏదో దాస్తోందనుకున్నాను.

ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది న్యూయార్క్ కాదు, విద్యానగర్.

1998లో నేనూ నా ఇంజనీరింగు క్లాస్‌మేటూ హైదరాబాదులో ఉద్యోగాల వేటలో ఉన్నాం. పగలు అమీర్‌పేటలో కోర్సు, సాయంత్రం టు-లెట్ బోర్డుల వేట. ఒక ఇంట్లో పైన గది ఖాళీగా ఉంది. ఇంటాయన పెద్దమనిషి, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. "ఏ ఊరు బాబూ? ఇంటిపేరేమిటి?" అన్నాడు. మీరెవరు, మీరేవిట్లు అని సూటిగా అడగడం మొరటుగా ఉంటుందని కాబోలు, మనవాళ్ళు ఇంటిపేరు అడుగుతారు. నేను చెప్పాను. ఆయన మొహం విప్పారింది. మావాడు చెప్పాడు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు, అంత బాగా అలవాటున్న మనిషి. మర్నాడు నేనొక్కణ్ణే వెళ్తే, "గది ఒక్కరికైతే సరిపోతుంది బాబూ, ఇద్దరికి ఇరుకు" అన్నాడు. నేను ఒక్కణ్ణే చేరాను. మావాడు ఎర్రగడ్డ అవతలెక్కడో దొరికించుకున్నాడు. ఆ గది ఇద్దరికి ఇరుకు కాదు. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు. దాని గురించి మేం ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు.

*

1946 దాకా భారతీయులకి ఈ దేశం తలుపులు దాదాపు మూసే ఉన్నాయి. ఆ ఏడాది ఏటా వందమందికి చోటిచ్చారు, దేశం మొత్తానికి వంద. 1965 అక్టోబరులో స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర జాన్సన్ సంతకం పెట్టిన వలస చట్టం ఆ కోటాల్ని ఎత్తేసింది. అది పూర్తిగా అమల్లోకి వచ్చింది 1968లో. అంటే మనల్ని ఈ దేశంలోకి రానిచ్చిన చట్టమూ, ఈ దేశంలో ఇల్లు అద్దెకిప్పించిన చట్టమూ ఒకే ఏడాది పనిచెయ్యడం మొదలుపెట్టాయి. రెండూ నల్లవాళ్ళు వీధుల్లో దెబ్బలు తిన్న కాలంలోనే వచ్చాయి. వచ్చిన మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఆ లెక్క గుర్తుంచుకున్నట్టు నేనెక్కడా వినలేదు.

సరిగ్గా అప్పుడే జాక్సన్ హైట్స్ ఖాళీ అవుతోంది. కార్లు కొనుక్కున్న తెల్లవాళ్ళు లాంగ్ ఐలండ్ శివార్లకి వెళ్ళిపోతున్నారు. కొలంబియా, ఈక్వడార్ల నుంచి వచ్చినవాళ్ళు రైలు దగ్గరుందని చేరుతున్నారు. 1970ల్లో 74వ వీధిలో మనవాళ్ళ మొదటి దుకాణాలు తెరుచుకున్నాయి. మొదట పేరు తెచ్చుకున్నది పప్పులూ చీరలూ కాదు, 220 వోల్టుల సామాన్లు. ఇండియా వెళ్ళేటప్పుడు పట్టుకుపోవడానికి టీవీలూ మిక్సీలూ. వాటికోసం వచ్చినవాళ్ళకి ఆకలేస్తుంది కాబట్టి హోటళ్ళు. హోటలుకొచ్చిన ఆడవాళ్ళు ఖాళీగా కూర్చోరు కాబట్టి చీరలు, బంగారం. అదే 7వ నంబరు రైలు చివర ఫ్లషింగ్‌లో గణపతి గుడి 1977లో మొదలైంది. యూదుల్ని రానివ్వని 82వ వీధికి నాలుగడుగుల్లో గుజరాతీ, పంజాబీ, బంగ్లాదేశీ, టిబెటన్ దుకాణాలు. మెక్‌డూగల్ చూస్తే ఏమనేవాడో.

అంతా బాగానే ఉంది అనడానికీ లేదు. న్యూయార్క్ 1975లో దివాలా అంచుకి వెళ్ళింది. 1980ల్లో జాక్సన్ హైట్స్‌లో రూజ్‌వెల్ట్ అవెన్యూ కొకైన్ వ్యాపారానికి పేరుపడింది. 1990లో ఆ నగరంలో 2,245 హత్యలు జరిగాయి. ఆ ఏడాది జులైలో హూలియో రివేరా అనే కుర్రాణ్ణి, స్వలింగ ప్రియుడని, ఈ పేటలో ఒక బడి ఆవరణలోనే కొట్టి పొడిచి చంపారు. 1992లో మాదకద్రవ్యాల ముఠాల మీద రాసిన మాన్యుయెల్ డి డియోస్ ఉనాన్యుయె అనే పాత్రికేయుణ్ణి రూజ్‌వెల్ట్ అవెన్యూ దగ్గరి హోటల్లో కాల్చారు. మా అన్నయ్య గాల్లోంచి భయం పుట్టించుకోలేదు. ఆయన చూసిన న్యూయార్క్ అది. (2017కి హత్యలు మూడొందల లోపుకి దిగాయి. అయినా ఒకసారి అంటుకున్న పేరు అంత తొందరగా వదలదు.)

ఆయన భయానికి ఇంకో కారణం ఉందని నాకు తరవాత వదిన చెప్పింది.

వాళ్ళు మొదట కాపురం పెట్టింది జెర్సీ సిటీలో. 1987 వేసవిలో అక్కడి పత్రిక జెర్సీ జర్నల్ ఒక ఉత్తరం అచ్చేసింది. రాసినవాళ్ళు తమని డాట్‌బస్టర్స్ అని చెప్పుకున్నారు. డాట్ అంటే మన ఆడవాళ్ళ బొట్టు. భారతీయుల్ని ఆ ఊరినుంచి వెళ్ళగొట్టడానికి ఎంతకైనా తెగిస్తామన్నది సారాంశం. ఇళ్ళెలా తెలుస్తాయన్నదానికి వాళ్ళ దగ్గర పద్ధతి ఉంది: టెలిఫోన్ డైరెక్టరీ తెరిచి పటేల్ అన్న ఇంటిపేరు వెతకడం. సెప్టెంబరు చివర పక్కనే హోబోకెన్‌లో నవ్రోజ్ మోదీ అనే బ్యాంకు ఉద్యోగిని కుర్రాళ్ళు గుంపుగా కొట్టారు. నాలుగు రోజులకి చనిపోయాడు. ఆయన పార్శీ, ఆ ఇంట్లో బొట్టు గొడవే లేదు. ఇంకో కొద్దిరోజులకి కౌశల్ శరణ్ అనే డాక్టర్ని జెర్సీ సిటీలోనే బేస్‌బాల్ బ్యాటుతో కొట్టారు. కోమాలోంచి బయటపడ్డాడు.

వదిన ఆ ఏడాది బొట్టు పెట్టుకోవడం మానేసింది. గుమ్మం దాటేటప్పుడు తీసి అద్దానికి అంటించి, తిరిగొచ్చాక పెట్టుకునేదట. అన్నయ్య డైరెక్టరీలోంచి పేరు తీయించాడు. లీజు అయ్యీ అవ్వగానే ఎడిసన్ వైపు వచ్చేశారు. "మీ అన్నయ్య ఎప్పుడూ చెప్పడు గానీ, ఒకాయన మాకు మొహమ్మీదే అన్నాడు, మీరొచ్చాక ఈ ఏరియా పాడైపోయిందని" అంది వదిన. నాకు విద్యానగర్ ఇంటాయన ఇచ్చిన మంచినీళ్ళు గుర్తొచ్చాయి. ఒక ఊళ్ళో నా ఇంటిపేరుతో నాకు గది దొరికింది, ఇంకో ఊళ్ళో ఇంటిపేరు చూసి మనుషుల్ని వెతికారు. ఇది అన్నయ్యకి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను, ఇంకా చెప్పలేదు.

*

ఇంతకీ ఇల్లు ఎలా తేల్చుకున్నాం అంటే, నా లెక్కలతో కాదు. ఎక్సెల్లో నేను అద్దె, రైలు సమయం, నేరాల సంఖ్య వేసి పట్టిక చేశాను. మా ఆవిడ అది చూడకుండానే "రాత్రి తొమ్మిదింటికి వెళ్దాం పద" అంది. 37వ అవెన్యూలో నడిచాం. పళ్ళ దుకాణం వాడు మామిడిపళ్ళ డబ్బాలు ఫుట్‌పాత్ మీదే ఉంచి లోపల లెక్క చూసుకుంటున్నాడు. కొలంబియా బేకరీ ముందు ముసలాళ్ళు కుర్చీలేసుక్కూర్చున్నారు. బట్టలుతికే చోట ఒక అమ్మాయి ఒక్కత్తే పుస్తకం చదువుకుంటోంది. పిల్లలింకా పడుకోలేదు. మా ఆవిడ ఇవన్నీ చూసి, "ఇక్కడే" అంది. రూజ్‌వెల్ట్ అవెన్యూ మాత్రం వద్దంది. రైలు వంతెన కింద పగలే చీకటి, రాత్రయితే కొన్ని గుమ్మాల ముందు నిలబడే మనుషులు వేరు.

జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లో అమెరికా నగరాల చావుబతుకుల మీద పుస్తకం రాసిందనీ, మా ఆవిడ చెప్పినదంతా అందులో ఉందనీ నాకు తరవాతెప్పుడో తెలిసింది. జేకబ్స్ ప్లానింగు చదువుకున్న మనిషి కాదు. మాన్‌హాటన్‌లో హడ్సన్ స్ట్రీట్‌లో ఒక దుకాణం పైన కాపురముండి, కిటికీలోంచి చూసింది రాసింది. వీధిని కాపాడేది పోలీసులకన్నా ముందు వీధిలో ఉన్నవాళ్ళ కళ్ళు. ఆ కళ్ళుండాలంటే వీధిలో దుకాణాలుండాలి, పొద్దున్నుంచి రాత్రిదాకా ఏదో పనిమీద జనం తిరుగుతుండాలి అన్నది ఆవిడ వాదన. పాత పేటలు కూలగొట్టి గడ్డి మధ్య టవర్లు కట్టడమే ప్రగతి అనుకునే రోజుల్లో ఈ మాట చాలామందికి రుచించలేదు.

మాకు రుజువు జూన్‌లో దొరికింది. కూరగాయల దుకాణంలో మా ఆవిడ బెండకాయలు ఏరుతుంటే పిల్ల జారుకుంది. బయటికొచ్చి చూస్తే లేదు. మూడు నిమిషాలు. అంత పొడుగు మూడు నిమిషాలు తన జీవితంలో లేవంటుంది. నాలుగు దుకాణాల అవతల మొక్కజొన్న కండెలు అమ్మే స్పానిష్ ఆవిడ, పిల్ల చెయ్యి ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కండెలు తిప్పుతూ నిలబడి ఉంది. ఏమీ కంగారు లేదు. రోజూ చూసే పిల్ల, తల్లి వస్తుందని తెలుసు. ఇద్దరికీ ఒక్క భాషా కలవదు.

కళ్ళుంటే చాలా అంటే, జాక్సన్ హైట్స్‌కి కొద్ది మైళ్ళలో ఉన్న క్యూ గార్డెన్స్ పేరు చెబుతారు. 1964 మార్చిలో, తెల్లవారుజామున మూడు గంటలప్పుడు, కిటీ జెనొవీస్ అనే అమ్మాయిని ఇంటి దగ్గరే పొడిచి చంపారు. 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. నగరంలో మనిషికి మనిషి అక్కర్లేదన్నదానికి అది దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాల్లో ఉదాహరణ అయింది. మా కాలేజీలో సాఫ్ట్ స్కిల్స్ చెప్పినాయన కూడా ఈ కథ చెప్పాడు. అది చాలామటుకు తప్పు. మొత్తం చూసినవాళ్ళు అంతమంది లేరు. రెండో దాడి బయటికి కనబడని మెట్ల దగ్గర జరిగింది. 911 అనే నంబరు అప్పటికింకా లేదు. 2016లో హంతకుడు జైల్లో చనిపోయినప్పుడు ఆ పత్రికే తన పాత కథనం లోపాలతో నిండినదని ఒప్పుకుంది. ఆ కథలో రానిది ఇంకోటుంది. సోఫియా ఫరార్ అనే పొరుగావిడ, హంతకుడు అక్కడే ఉన్నాడో లేదో తెలియకుండానే, మెట్లు దిగి పరిగెత్తుకెళ్ళి కిటీని ఒళ్ళోకి తీసుకుంది. ఆవిడ 2020లో, 92 ఏళ్ళ వయసులో పోయింది.

అదే 2020 వసంతంలో మేం డాలస్‌లో టీవీ ముందు కూర్చుని ఎల్మ్‌హర్స్ట్ ఆస్పత్రి బయట క్యూ చూశాం. మా అమ్మాయికి జ్వరమొస్తే తీసుకెళ్ళిన ఆస్పత్రే. దేశంలోకెల్లా ఎక్కువ దెబ్బతిన్న పేటల్లో అదొకటి. ఇరుకు ఇళ్ళు, ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగాలు లేని మనుషులు. మొక్కజొన్న ఆవిడ ఏమైందో కనుక్కునే దారి మాకు లేదు. మా ఆవిడ ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు. తరవాత 34వ అవెన్యూలో 26 వీధుల పొడవునా కార్లు ఆపేసి జనానికి వదిలారని చదివాం. తోటలన్నీ తాళాల వెనక కట్టుకున్న పేటకి, వందేళ్ళ తరవాత, అందరూ నడిచే చోటు దొరికింది.

పోయిన నెల మా అమ్మాయి ఫోన్ చేసింది. న్యూయార్క్‌లో ఆరునెలల పని, ఇల్లు వెతుక్కోవాలి. "నాన్నా, జాక్సన్ హైట్స్ సేఫేనా?" అంది. ఎడిసన్ పెదనాన్న అప్పటికే ఫోన్ చేసి, తమ ఇంట్లో పైగది ఖాళీగా ఉందని, అక్కడికెందుకనీ చెప్పాడట.

నేను 1909 నుంచి మొదలుపెట్టబోతుంటే మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "రాత్రి తొమ్మిదింటికి 37వ అవెన్యూకి వెళ్ళి ఒకసారి నడిచి చూడు. తరవాత పెదనాన్న వాళ్ళింటికి కూడా వెళ్ళి పెద్దమ్మతో ఒక పూట కూర్చో, జెర్సీ సిటీలో ఉన్నప్పటి సంగతి అడుగు" అంది.

ఆదివారం రాత్రి ఒక ఫోటో వచ్చింది. పళ్ళ డబ్బాలు ఫుట్‌పాత్ మీదే ఉన్నాయి. పక్కన ఎవరో ముసలాయన కుర్చీలో కునుకుతున్నాడు. కింద మా అమ్మాయి రాసిన రెండు ముక్కలు: "ఇక్కడే. పెద్దమ్మ దగ్గరికి శనివారం."